పొయ్యి మీది భారం, పైకప్పు మీది హక్కు

వంట గ్యాసు ధర పెరిగిన ప్రతిసారీ పత్రికలలో రెండు రోజులు చర్చ జరుగుతుంది. మూడవ రోజు నుండి ఆ భారాన్ని ఇల్లాలు ఒంటరిగానే మోయవలసి వస్తుంది. 2023 ఆగస్టులో హైదరాబాదులో 1,155 రూపాయలు పలికిన 14.2 కిలోల సిలిండరు ఆ నెలాఖరున 955కు, 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ముంగిట 855కు దిగివచ్చింది. 2025 ఏప్రిల్‌లో మరల 50 రూపాయలు పెరిగి 905కు చేరింది. తగ్గించినప్పుడు ఒకసారి రాఖీ పండుగ కానుక అన్నారు, మరొకసారి మహిళా దినోత్సవ కానుక అన్నారు. పెంచినప్పుడు మాత్రం ఏ పండుగా గుర్తుకు వచ్చినట్లు లేదు.

మన దేశం వాడే ఎల్పీజీలో సుమారు 60 శాతం దిగుమతి చేసుకుంటున్నదే. అందులో అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుండి హోర్ముజ్ జలసంధి మీదుగా రావాలి. 2025 జూన్‌లో ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడి చేసినప్పుడు ఆ జలసంధి మూతపడుతుందేమోనని ప్రపంచమంతా బెంబేలెత్తిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఎక్కడో కురిసే క్షిపణుల లెక్క చివరకు మన వంటింట తేలుతుంది.

ప్రభుత్వాల ఊరట లేదని అనలేము. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న 500 రూపాయలకు సిలిండరు, 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం నవంబరు 1 నుండి ఏటా మూడు ఉచిత సిలిండర్లు ఇస్తున్నారు. కేంద్రం ఉజ్వల లబ్ధిదారులకు సిలిండరుకు 300 రూపాయలు ఇస్తూ, ఏడాదికి 12 ఉన్న పరిమితిని 2025-26లో 9కి కుదించింది. ఇవన్నీ సాయమే. అయితే ఇవి రేషన్ కార్డు చేతిలో ఉన్నవారికి, ఆధార్ సంఖ్య సరిగా అనుసంధానమైనవారికి, ఆ ప్రభుత్వం అధికారంలో ఉన్నన్నాళ్ళకు మాత్రమే. ఇంధన వ్యయం నుండి స్థిరమైన విముక్తి కావాలంటే కుటుంబాలు ప్రత్యామ్నాయాల వైపు చూడక తప్పదు. ప్రత్యామ్నాయాలు కరువు కాలేదు. వాటిని అందుకోవడానికి సొంత కప్పు, సొంత పేరున మీటరు, బ్యాంకు నమ్మకం కావాలి. మన బస్తీలలో కరువైనవి ఆ మూడే.

ముందుగా అద్దె ఇంటిలో ఉన్నవారి సంగతి చూద్దాం. మనలో అధికులు వారే కనుక వారి లెక్క మొదట తేలాలి.

ఒక సిలిండరులోని గ్యాసులో సుమారు 180 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి ఉంటుంది. మామూలు పొయ్యి మీద అందులో మూడింట రెండు వంతుల లోపే గిన్నెకు చేరుతుంది, మిగిలినది గాలిలో కలిసిపోతుంది. ఇండక్షన్ పొయ్యి తాను తీసుకున్న విద్యుత్తులో 85 శాతం వరకు గిన్నెకు అందిస్తుంది. కనుక ఒక సిలిండరు చేసే పనిని 130 నుండి 140 యూనిట్ల విద్యుత్తు చేయగలదు. 2025 ఏప్రిల్ నాటి 905 రూపాయల ధరను 135తో భాగిస్తే 6 రూపాయల 70 పైసలు వస్తుంది. మీరు అదనంగా వాడే యూనిట్టు ఇంతకంటె చౌకగా వస్తే ఇండక్షన్ లాభం, ఇంతకంటె ప్రియమైతే గ్యాసే లాభం. దుకాణదారుడు ఈ లెక్క చెప్పడు.

తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడేవారికి రెండవ వంద యూనిట్ల ధర 4 రూపాయల 80 పైసలు. 200 దాటినవారికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపైన 7 రూపాయల 70 పైసల చొప్పున పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుండి 225 వరకు యూనిట్టు 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు, సర్దుబాటు ఛార్జీలు అదనం. అంటే తక్కువ విద్యుత్తు వాడే చిన్న కుటుంబానికి ఇండక్షన్ మేలు చేస్తుంది. కూలరు, ఫ్రిజ్, నీళ్ళ మోటారు నడుస్తున్న ఇంటికి అదే నష్టం తెస్తుంది.

గృహజ్యోతి లబ్ధిదారులు మరీ జాగ్రత్తగా ఉండాలి. 200 యూనిట్ల వరకు వారి బిల్లు సున్నా. 201వ యూనిట్టు కాలిన నెలలో మొత్తం బిల్లు వారి మీదనే పడుతుంది, అది వెయ్యి రూపాయలు దాటుతుంది. గ్యాసు ఆదా చేయబోయి ఆ గీత దాటిన కుటుంబం ఒక్క నెలలోనే సిలిండరు ఖరీదు కంటె ఎక్కువ చెల్లిస్తుంది.

దీనికి ఉపాయం పొయ్యి దగ్గర లేదు, పంకా దగ్గర ఉంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల వరకు తీసుకుంటుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. రోజుకు 14 గంటలు తిరిగితే ఒక్కొక్క ఫ్యాను మీద నెలకు 18, 19 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 55 యూనిట్ల వరకు చేతికి వస్తాయి. ఇప్పుడు 170 యూనిట్లు వాడుతున్న ఇల్లు 115కు దిగుతుంది. టీ, పాలు, అన్నం, పప్పు, వేడినీళ్ళు ఇండక్షన్ మీదికి మార్చితే సగం వంట గ్యాసు నుండి తప్పుకుంటుంది. దానికి 65 నుండి 70 యూనిట్లు ఖర్చవుతాయి, మొత్తం 185 దగ్గర ఆగుతుంది. నెలకు వచ్చే సిలిండరు రెండు నెలలు వస్తుంది.

మూడు ఫ్యాన్లకు, ఒక పొయ్యికి కలిపి 11 వేల రూపాయల దాకా అవుతుంది. పూర్తి ధరకు సిలిండరు కొనేవారికి అది రెండేళ్ళలో తిరిగివస్తుంది. 500 రూపాయలకు సిలిండరు పొందుతున్నవారికి మూడున్నర ఏళ్ళు దాటుతుంది. అటువంటివారు అన్నీ ఒకేసారి కొని అప్పులపాలు కావలసిన పని లేదు. రోజంతా తిరిగే గదిలోని ఫ్యాను ఒక్కటి మార్చి ఆరు నెలలు చూడండి. శుక్రవారం శుక్రవారం మీటరు చూసి కాగితం మీద రాసుకోండి. వారానికి 45 యూనిట్లు మించకుండా ఉంటే 200 గీత లోపల ఉన్నట్టే. ఎండాకాలంలో కూలరు నడిచే నెలలలో ఇండక్షన్ పొయ్యిని పక్కన పెట్టి గ్యాసుకు మరలడమే తెలివైన పని.

కొనేముందు రెండు మాటలు. అయస్కాంతం అంటుకోని గిన్నె ఇండక్షన్ మీద పనిచేయదు. మన ఇళ్ళలోని అల్యూమినియం దేక్సాలు, అడుగు గుండ్రంగా ఉన్న పాత్రలు దానికి పనికిరావు. కావున గిన్నెల ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. పెళ్ళి బిర్యానీ దానిమీద దమ్ చేయాలని ఎవరూ ఆశపడనక్కర లేదు. రెండవది, 2,000 వాట్ల పొయ్యి 9 ఆంపియర్ల వరకు లాగుతుంది. పాత ఇళ్ళలో బల్బు కోసం వేసిన సన్నని తీగ మీద దానిని పెడితే గోడలోనే తీగ కాలుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు ఉంటేనే వాడాలి. ఇంటి యజమాని అంగీకరించకపోతే వెయ్యి వాట్ల లోపు రైస్ కుక్కరుతో సరిపెట్టుకోవడం మంచిది, దానికీ ఎర్తింగు తప్పనిసరి.

ఊరు మారి వచ్చిన కుటుంబాలకు ఇంకొక సమస్య ఉన్నది. చిరునామా రుజువు లేక గ్యాసు కనెక్షను దొరకదు. అప్పుడు సందులోని దుకాణంలో పెద్ద సిలిండరు నుండి చిన్న సిలిండరులోకి గ్యాసు దొంగతనంగా నింపించుకుంటారు. ప్రాణాలతో చెలగాటమది. చమురు సంస్థలు 5 కిలోల చిన్న సిలిండరును గుర్తింపు కార్డు చూపితే చాలు ఇస్తున్నాయి. కిలో లెక్కన ఖరీదు ఎక్కువే, కాని సీలుతో, తూకంతో వస్తుంది. 2021లో మొదలైన ఉజ్వల రెండవ విడతలో వలస కుటుంబాల చిరునామాకు స్వీయ ప్రకటన సరిపోతుందన్న నిబంధన ఉన్నది. డీలరు కాదంటే ఆ నిబంధన చూపించి, నిరాకరణను కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి.

ఇక సొంత ఇల్లు ఉన్నవారి సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం 75,021 కోట్ల రూపాయలతో పీఎం సూర్యఘర్ పథకాన్ని ఆమోదించింది. కోటి ఇళ్ళ పైకప్పులపై సౌర ఫలకాలు అమర్చడం దాని లక్ష్యం. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు లేదా అంతకు మించితే 78 వేల రూపాయల రాయితీ. కిలోవాటుకు నీడ పడని వంద చదరపు అడుగుల కప్పు కావాలి. అది రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుంది. పగలు మిగిలిన విద్యుత్తు నెట్ మీటరు ద్వారా డిస్కంకు పోయి రాత్రి వాడకంలో సర్దుబాటవుతుంది.

తెలంగాణలో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఖరీదే 1,790 రూపాయలు. రెండు కిలోవాట్ల ఫలకాలు 240 యూనిట్లు ఇస్తే మిగిలే 60 యూనిట్లకు 130 రూపాయలు కూడా కాదు. రాయితీ పోగా చేతి నుండి పెట్టిన 70, 80 వేల రూపాయలు నాలుగేళ్ళ చుట్టుపక్కల తిరిగివస్తాయి. ఫలకాలు పాతికేళ్ళు పనిచేస్తాయి. ఆంధ్రలోనూ లెక్క ఇంచుమించు ఇదే. కాని సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సౌర ఫలకాలు అంటగట్టే ఏజెంటు మాట వినకండి. వారికి మిగిలేది ఏమీ ఉండదు. కరెంటు పోయినప్పుడు కూడా ఇల్లు వెలుగుతుందని చెప్పే మాట కూడా నిజం కాదు. బ్యాటరీ లేని నెట్ మీటరు పద్ధతిలో లైను ఆగితే ఫలకాల విద్యుత్తు కూడా ఆగుతుంది. లైను మీద పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటది.

ఇంత మేలైన పథకం మన వీధులలో ఎందుకు కనిపించదు? పదవీ విరమణ తరువాత దరఖాస్తులు నింపిపెట్టే పనిలో మాకు పదే పదే ఎదురవుతున్న కారణం ఒకటే. కప్పు ఉన్నది, కనెక్షను ఉన్నది, బిల్లు మీద పేరు మాత్రం ఎప్పుడో మరణించిన తాతగారిది. ఇంటి పన్ను ఇంకొకరి పేరున ఉంటుంది. కింది అంతస్తు పెద్దన్నది, పై అంతస్తు చిన్నన్నది, దాబా ఎవరిదో ఎవరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. గుమాస్తాగా ఇన్నేళ్ళలో చూసినదేమంటే, కార్యాలయంలో దస్త్రం ఆగేది శత్రుత్వం వల్ల కాదు, చాలా వరకు పేరు కలవకపోవడం వల్లనే. దరఖాస్తుదారు పేరు, బిల్లు మీది పేరు, బ్యాంకు ఖాతా పేరు మూడూ కలిసినప్పుడే రాయితీ ఖాతాలో పడుతుంది. షేక్, షైక్, ఎస్.కె. అని మూడు విధాలుగా రాసిన ఒకే ఇంటిపేరు ఎంతమంది హక్కులను మింగిందో మన పాఠకులకు వేరే చెప్పాలా?

మీటరు పేరు మార్పు అంత కష్టమైన పని కాదు. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రం జతచేసి డిస్కంలో దరఖాస్తు ఇవ్వాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. నిరభ్యంతర పత్రం అనగానే అన్నదమ్ములు కూర్చుని సంతకాలు చేసుకుంటారు, పెళ్ళి చేసుకుని వెళ్ళిన అక్కచెల్లెళ్ళు గుర్తుకు రారు. షరీఅత్ వారికి వాటా నిర్ణయించింది, చట్టమూ కాదనదు. వారి సంతకం తప్పక తీసుకోవాలి. అంతేకాదు, ఈ పేరు మార్పు విద్యుత్ కనెక్షను నిర్వహణ నిమిత్తమేనని, ఇంటిలో వారసుల వాటాలకు దీనితో సంబంధం లేదని ఆ పత్రంలో ఒక వాక్యం స్పష్టంగా రాయించాలి. ఆ వాక్యం ఉంటే చెల్లెలు నిశ్చింతగా సంతకం చేస్తుంది. లేకపోతే రేపు అదే కాగితం ఆమె హక్కుకు అడ్డుపడుతుంది.

డబ్బు సంగతి తరువాతిది. రాయితీ ముందుగా రాదు. ఫలకాలు బిగించి, డిస్కం తనిఖీ పూర్తయిన తరువాత ఖాతాలో జమ అవుతుంది. అంతవరకు మొత్తం సొమ్ము ఇంటివారే సమకూర్చుకోవాలి. పథకంలో హామీ లేని బ్యాంకు రుణం ఉన్నదంటారు. 2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికలో కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను రుణాలకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తించిన వైనం నమోదయింది. దాదాపు రెండు దశాబ్దాల తరువాత కూడా చిరునామా వినగానే బ్యాంకు మేనేజరు ముఖం మారడం మనవారికి కొత్త అనుభవం కాదు. పైగా వడ్డీ రుణం తీసుకోవడానికి మనస్సాక్షి అంగీకరించనివారు మనలో ఎందరో ఉన్నారు. వారి సంకోచాన్ని వెనుకబాటుతనమని ఎగతాళి చేయడం మాకు సమ్మతం కాదు. దానికి మార్గం చూపడమే చేయవలసిన పని.

హైదరాబాదులో వడ్డీ లేని రుణ సంఘాలకు, బైతుల్ మాల్‌లకు దశాబ్దాల అనుభవం ఉన్నది. ఇంతకాలం అవి వైద్యానికి, పెళ్ళిళ్ళకు, చిన్న వ్యాపారానికి ఖర్జె హసనా ఇస్తూ వచ్చాయి. నెలకు 1,600 రూపాయలు బిల్లులో మిగిలే కుటుంబం ఆ సొమ్మునే వాయిదాగా చెల్లిస్తే, 70 వేల రూపాయల అప్పు నాలుగేళ్ళ లోపు తీరుతుంది. రాయితీ రాగానే అందులో 60 వేలు సంఘానికి మొదట తిరిగి చెల్లించే ఒప్పందం చేసుకోవచ్చు. సంఘమే పరికరం కొని వాయిదాలపై ఇవ్వడం వంటి పద్ధతుల ధర్మాధర్మాలు ఉలమాలు చెప్పాలి. కాని ఈ ప్రశ్న వారి ముందు ఎవరో ఒకరు ఉంచాలి కదా!

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఫలకాలు ఉచితంగా అమర్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. చిరకాలం వెనుకకు నెట్టబడినవారికి ఇది న్యాయం. బీసీలకు కేంద్ర రాయితీకి అదనంగా 20 వేల రూపాయలు ప్రకటించారు. 2007 చట్టంతో వెనుకబడిన తరగతిగా గుర్తింపు పొందిన షేక్, ఖురేషీ, అత్తర్ సాయిబులు, ఫకీరు తదితర 14 వర్గాలు బీసీ-ఇ జాబితాలో ఉన్నాయి. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. బీసీ అన్న మాటలో వీరందరూ ఉన్నారు. విద్య, ఉద్యోగాల కోసం తీసిన ధృవపత్రాన్ని ఈ అదనపు రాయితీ కోసం కూడా దరఖాస్తుకు జతచేయండి. ఏ కార్యాలయమైనా కాదంటే, ఏ ఉత్తర్వు ప్రకారం కాదంటున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. తెలంగాణ మైనారిటీ ఆర్థిక సంస్థ కుట్టు మిషన్లు పంచినందుకు అభినందిస్తూనే, ఆ మిషను నడవడానికి కావలసిన విద్యుత్తుకు కూడా వడ్డీ లేని సాయం ఇమ్మని కోరుతున్నాము.

కప్పు అసలే లేనివారి మాట? నాలుగు వాటాల ఇంటిలో ఒక గదిలో ఉండే కుటుంబానికి సూర్యఘర్ పథకం ఇచ్చేది ఏమీ లేదు. ఒకచోట నిర్మించిన సౌర కేంద్రంలో పదిమంది వాటాదారులై, ఎవరి వాటా యూనిట్లు వారి బిల్లులో తగ్గించుకునే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మన బస్తీలలోని అద్దెదారులకు అందుబాటులో ఉండేలా, వారి పేరున ఉన్న చిన్న వాటాకు కూడా రాయితీ వర్తించేలా ఆ పద్ధతి మన రెండు రాష్ట్రాలలో అమలు కావాలి. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళు ఏటా ఛార్జీలపై బహిరంగ విచారణ జరుపుతాయి. అక్కడ రైతు సంఘాలు, పరిశ్రమల వారు వచ్చి మాట్లాడతారు. మన సంఘాలు కూడా వెళ్ళి అద్దెదారుల పక్షాన మాట్లాడాలి.

మసీదుల, మదరసాల, షాదీఖానాల కప్పులు విశాలమైనవి. మొరాకో ప్రభుత్వం 2016లో 600 మసీదులను సౌర విద్యుత్తుకు మార్చే కార్యక్రమం ప్రకటించింది. సూర్యఘర్ రాయితీ నివాసాలకే గనుక మసీదుకు అది రాదు, ఆ ఖర్చు జమాఅత్ భరించాలి. ఏసీలు బిగించడానికి చూపిన ఉత్సాహంలో సగం దీనికి చూపితే చాలునని మా అభిప్రాయం.

బయోగ్యాసు పల్లెలలో పశువులున్నవారికి ఉపకరిస్తుంది. ఒక ఘనమీటరు గ్యాసు కావాలంటే రోజుకు 25 కిలోల పేడ కావాలి, అది అరకిలో ఎల్పీజీకి కూడా సాటి రాదు. పట్టణంలో అది ఒక్క ఇంటికి కాక హోటళ్ళకు, మార్కెట్లకు పనికివస్తుంది. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో వ్యర్థాలతో విద్యుత్తు, వంట గ్యాసు తయారు చేస్తున్నారు. ఇండియన్ ఆయిల్ వారి సూర్య నూతన్ సౌర పొయ్యిని 2023 ఫిబ్రవరిలో ప్రధాని ఆవిష్కరించారు, మా బజారులో మాత్రం ఇంతవరకు కనిపించలేదు. కట్టెల పొయ్యికి తిరిగి మరలడం మాత్రం ఏ లెక్కనా ప్రత్యామ్నాయం కాదు. ఆ పొగ ఇల్లాలి ఊపిరితిత్తులకు, ఆమె చంకలోని బిడ్డకు ఏమి చేస్తుందో వైద్యులు ఎప్పటి నుండో చెబుతూనే ఉన్నారు.

సూర్యఘర్ పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరంతో ముగుస్తుంది. పేరు మార్పుకు, తనిఖీకి, రుణానికి పట్టే నెలలు అందులో నుండే పోవాలి. కనుక ప్రతి మసీదు కమిటీ జుమా నమాజు అనంతరం ఒక బల్ల వేసి, దరఖాస్తులు నింపగల ఇద్దరు యువకులను కూర్చోబెట్టాలి. స్త్రీలు వచ్చి అడిగేందుకు వీలుగా వేరొక రోజు, వేరొక చోటు కూడా చూడాలి. వచ్చేవారు తాజా కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం, ఇంటి పన్ను రసీదు, మీటరు మరణించినవారి పేరున ఉంటే మరణ ధృవీకరణ పత్రం వెంట తీసుకురావాలి. పోర్టల్‌లో నమోదైన సంస్థలకు తప్ప ఎవరికీ బయానా ఇవ్వరాదు, ఓటీపీ చెప్పరాదు. బిల్లులపై ఫిర్యాదుకు 1912 నంబరు ఉన్నది. ఫోను చేసినవారు ఫిర్యాదు సంఖ్యను బిల్లు వెనుక రాసిపెట్టుకోవాలి.